ఏడో నంబరు కొలిమి

పెట్టె భోజనాల బల్ల మీద ఉంది. నాలుగు రోజులుగా అక్కడే ఉంది. దాని చుట్టూ కంచాలు పెట్టుకుని, తలలు వంచుకుని తిని, ఎవరి దారిన వాళ్ళు లేచిపోతున్నారు. మొదటి రోజే అత్తగారు దాని మీద తువ్వాలు కప్పింది. కంటికి కనబడకపోతే గొడవ సగం తగ్గుతుందని ఆవిడ ఆశ. తగ్గకపోగా, తువ్వాలు కింద ఏదో ఉందన్న సంగతి అందరికీ ఇంకాస్త ఎక్కువగా గుర్తొస్తోంది.

నిజానికి అది ఇనుము పోతపోసే తమ ఫౌండ్రీలో కొలిమి పక్క గోడకి ఉండి, కరెంటు, ఇసుక తేమ లెక్కలు రాసుకోవాల్సిన యంత్రం. మంగళవారం పొద్దున మామగారు తన చేత్తోనే తీగలు పీకి, చంకలో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చారు. పేటంతా ఆయన్ని పెద్దమేస్త్రి అంటుంది. ఆయన్ని పేరు పెట్టి పిలిచే వయసువాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

"పదకొండింటికి ఫౌండ్రీల కూటమి ఆవిడ వస్తుంది. పెట్టె పట్టుకుపోతుందని చెప్పు," అన్నారాయన భార్యతో.

ఆ మాట ఎవరికి చెప్పాలో ఆ కోడలు మూడడుగుల దూరంలో గిన్నెలు సర్దుతోంది.

"పదకొండింటికట," అంది అత్తగారు అటు తిరిగి.

"విన్నానత్తయ్యా."

"విన్నదట," అంది ఇటు తిరిగి. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "మీ ఇద్దరి మధ్యా తిరగలేక నా మెడ పట్టేసింది. ఇవాళతో ఏదో ఒకటి తేల్చుకోండి," అంది.

గొడవంతా ఒక పంపు కేసింగు, అంటే నీళ్ళ పంపుకి ఉండే పోత ఇనుప తొడుగు, దగ్గర మొదలైంది. సోమవారం సాయంత్రం పెద్దమేస్త్రి పంపుల కంపెనీ గేటు దగ్గర నిలబడి ఉండగా ఇంకో ఫౌండ్రీ సరుకు దిగింది. ఊరికే ఒకదాన్ని చేత్తో తడిమి చూశారు. గరుకు లేదు, గాలి బుడగ లేదు. అచ్చం తన పోతలాగే ఉంది. ఎవరిదని అడిగితే చిన్నమేస్త్రిది అన్నారు.

చిన్నమేస్త్రి అంటే సొంత తమ్ముడు. తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. కరెంటు కొలిమి పెడదామని తమ్ముడు, బొగ్గు కొలిమి నాన్న పెట్టింది, కదపడానికి వీల్లేదని అన్న పంతాలకి పోయారు. తమ్ముడు విడిపోయి పక్క సందులో కరెంటు కొలిమి పెట్టుకున్నాడు. రెండేళ్ళు తిరక్కుండా అన్న కూడా అదే పెట్టాడు. అప్పుడైనా వెళ్ళి నువ్వన్నదే నిజమైందిరా అనొచ్చు కదా? ఆ మాట ఆయన గొంతు దాటదు.

పోత నునుపంతా అచ్చు పోసే ఇసుకలో ఉంటుంది. అందులో బంకమట్టి ఎంత కలపాలి, బొగ్గుపొడి ఎంత, తడి గోనెపట్టా కప్పి ఎన్ని గంటలు మాగబెట్టాలి, అన్నిటికీ పాళ్ళున్నాయి. ఇవి కాక మూడో దినుసు ఒకటుంది. అదేమిటో ఇక్కడ రాస్తే పెద్దమేస్త్రి ఊరుకోరు. వాళ్ళ నాన్న పోయేముందు దగ్గరికి పిలిచి చెవిలో చెప్పిన పాళ్ళవి. కొడుక్కి చెబుదామంటే ఇసుక గదిలో అడుగుపెడితే చాలు వాడికి తుమ్ములు ఆగవు. అందుకని మూడేళ్ళ కిందట, లోహాల చదువు చదివొచ్చిన కోడలికి చెప్పారు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పని మాట అది.

కాబట్టి ఆయన లెక్క చాలా తేలికగా తేలిపోయింది. మంగళవారం పొద్దున, పద్ధెనిమిది మంది పనివాళ్ళు చేతిలో పని ఆపి చూస్తుండగా, కొలిమి ముందు నిలబడి అనేశారు.

"నాన్న నాకు చెప్పాడు. నేను నీకు చెప్పాను. మూడో మనిషికి ఎలా తెలిసింది? ఈ పెట్టెలో పెట్టి పంపించావు. ఇచ్చినదీ దొంగే, పుచ్చుకున్నవాడూ దొంగే!"

దొంగ అన్న ఆ మాట నాలుగు రోజులుగా కోడలి చెవిలోంచి పోవడం లేదు. కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. ఏడవాలనిపించినా ఏడవలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టవుతుందని పట్టుదల.

పెరట్లో బట్టలు ఆరేస్తుంటే భర్త వచ్చాడు. లారీలూ, కాగితాలూ చూసుకునే మనిషి. తండ్రి ముందు నోరు విప్పాలంటే అతనికి ప్రాణసంకటం.

"ఆ పాళ్ళు నిజంగానే అందులో లేవు కదా?" అని అడిగాడు.

ఆమె తడి చొక్కా దులిపి తీగ మీద వేసింది. ఆ దులపడంలో అతని ముఖాన నీళ్ళు పడ్డాయి. కావాలనే పడ్డాయి.

"మీరు కూడానా?"

"అలా కాదు..."

"ఎన్నిసార్లు చెప్పాలండీ! కూటమిలో పన్నెండు ఫౌండ్రీలున్నాయి. ఎవరి లెక్కలు వాళ్ళ పెట్టెలోనే ఉంటాయి. యజమాని సరే అన్నవే పక్కవాళ్ళకి కనబడతాయి. మనం ఇచ్చినవి మూడంటే మూడు. ఒక పోతకి ఎంత కరెంటు కాలింది, ఇసుకలో తేమెంత, వందకి ఎన్ని రిజెక్టులు. ఆ మూడూ ఇస్తామని మావయ్యగారే సంతకం పెట్టారు."

"మరి నాన్న పేరున ఉన్న లెక్క తెరిచి చూపించేస్తే పోయేదిగా?"

"అది ఆయన ఫోన్లోంచే తెరవాలి. ఆయన వేలితోనే. మంగళవారం నుంచి అత్తయ్య చేత అడిగిస్తూనే ఉన్నాను. ఆ ఫోను ముట్టుకుంటే పాపం అన్నట్టు కూర్చున్నారు."

అతను గోడకేసి చూస్తూ, "ఇవాళ ఆవిడ పెట్టె పట్టుకుపోతే?" అన్నాడు.

"ఏడాదిదాకా మళ్ళీ చేరనివ్వరు. వచ్చే నెల నుంచి ఎంత కరెంటు కాల్చి చేశారో చెప్పని కేసింగు కంపెనీ తీసుకోదు. అది ఫౌండ్రీ సంగతి." చివరి చొక్కా ఆరేసి ఇటు తిరిగింది. "నా సంగతి వేరే చెప్తాను, వినండి. పెట్టె పోయిందంటే దొంగ అన్న మాట అలాగే ఉండిపోతుంది. ఆ పేరు మోసుకుని నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కను. ఫౌండ్రీ గుమ్మమే కాదు, ఈ గుమ్మం సంగతి కూడా ఆలోచిస్తాను."

అతను ఏదో అనబోయాడు. ఇసుక లేని చోట కూడా తుమ్మొచ్చింది.

కూటమి ఆవిడ పదకొండుకి పది నిమిషాల ముందే వచ్చింది. యాభై దాటిన మనిషి. భుజాన సంచీ, ముక్కు మీదకి జారే కళ్ళజోడు. బల్ల మీద తువ్వాలు తీసి పెట్టెని చూసి, "దీనికి చలేస్తోందా?" అంది. అత్తగారు నవ్వబోయి, భర్త ముఖం చూసి ఆగిపోయింది.

"ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి," అన్నారు పెద్దమేస్త్రి.

"పెడుదురుగాని. ముందు మీ లెక్క చదివి వినిపించాలి. ఎవరేం అడిగారు, మీరేం ఇచ్చారు, ఏం కాదన్నారు, అన్నీ విన్నాకే సంతకం. బయటికి వెళ్ళేవాళ్ళకి అది నియమం. మీ ఫోను ఇలా పెట్టి తెరవండి."

నాలుగు రోజులు బతిమాలినా తెరవని ఫోను, నియమం అనేసరికి జేబులోంచి బయటికొచ్చింది. పరాయి మనిషి అడిగితే ఆయనకి మర్యాద గుర్తొస్తుంది కాబోలు.

కూటమి ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చదవడం మొదలుపెట్టింది. కరెంటు లెక్క కంపెనీ అడిగింది, ఇచ్చారు. తేమ లెక్క కూటమి అడిగింది, ఇచ్చారు. రిజెక్టుల లెక్క, అదీ ఇచ్చారు.

"ఇసుక పాళ్ళు?" అన్నారు పెద్దమేస్త్రి. గొంతులో విజయం ముందే ఉంది.

ఆవిడ వేలితో కిందికి జరిపింది, పైకి జరిపింది. "ఆ గడి ఖాళీగా ఉంది."

"ఖాళీ అంటే?"

"అందులో ఎవరూ ఏమీ రాయలేదు. చెరిపింది కూడా లేదు. చెరిపితే చెరిపినట్టు చూపిస్తుంది. ఈ పెట్టె పెట్టిన పద్ధెనిమిది నెలల్లో మీ ఇసుక పాళ్ళు ఎవరూ అడగలేదు, ఎవరికీ వెళ్ళలేదు."

కోడలు తలుపుని పట్టుకుని నిలబడింది. తనకి తెలిసిన నిజమే అయినా, ఇంకొకరి నోటి నుంచి వింటే ఇంత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు. నాలుగు రోజుల్లో మొదటిసారి కంట్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి ఆపుకోలేదు.

"మరి వాడికెలా..." అన్నారు పెద్దమేస్త్రి.

"ఉండండి, ఇంకా ఉంది," అంది ఆవిడ. "మీరు ఇచ్చినవి అయ్యాయి. మీకు ఇస్తామన్నవి చదవాలి. ఒకటే ఉంది. ఏడో నంబరు ఫౌండ్రీ తన లెక్కలన్నీ మీకు తెరిచి పెడతానంది. కరెంటు, తేమ, ఇసుక పాళ్ళు, మాగబెట్టే గంటలు, మొత్తం. చూసే అనుమతి ఒక్క మీకే. మూడుసార్లు పంపించింది. మీరు మూడుసార్లూ వద్దన్నారు."

"నేనా? నేనెప్పుడు వద్దన్నాను?"

"మీ ఫోన్లోంచే. మీ వేలితోనే."

"ఏడో నంబరు ఎవరో నాకు తెలీనే తెలీదు!"

"ఒప్పుకునేదాకా పేరు కనబడదు. అది కూడా నియమమే. కానీ లోపలికి వెళ్తే ఎందుకు ఇస్తున్నారో రాసి ఉంటుంది. మీరు లోపలికే వెళ్ళలేదు." కళ్ళజోడు మళ్ళీ జారింది. ఆవిడ వంగి నెమ్మదిగా చదివింది. "కారణం: అన్నయ్య చూసి తప్పుంటే చెప్పాలి."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పన్నెండు ఫౌండ్రీల్లో ఆయన్ని అన్నయ్య అని పిలవగలిగినవాడు ఒక్కడే.

పెద్దమేస్త్రి ఆ ఫోను వంక చూశారు. తర్వాత నెమ్మదిగా తల తిప్పి కొడుకుని చూశారు. ఆ చూపుకి కొడుకు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"నువ్వే కదరా! ముక్కూ మొహం తెలియని చోటి నుంచి ఏది వచ్చినా వద్దు అని నొక్కెయ్ నాన్నా, మోసగాళ్ళు ఎక్కువైపోయారు అన్నావు!"

"మోసగాళ్ళ గురించి అన్నాను నాన్నా, చిన్నాన్న గురించి కాదు!"

"నేను నొక్కాను! ఒకసారి కాదు, మూడుసార్లు నొక్కాను! మూడోసారి ఎంత గట్టిగా నొక్కానో తెలుసా? పీడ విరగడవ్వాలని నొక్కాను!"

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయారు. పీడ అన్న మాట తను ఎవరిని అన్నట్టయిందో తలకెక్కింది.

"తొమ్మిదేళ్ళకి వాడు నోరు తెరిచి అడిగితే, మూడుసార్లు ముఖాన తలుపేశాను," అన్నారు మెల్లగా.

కోడలు ముందుకొచ్చింది. మధ్యవర్తి లేకుండా ఆయనతో మాట్లాడటం నాలుగు రోజుల్లో ఇదే మొదలు.

"ఇప్పుడు సరే అని నొక్కొచ్చు మావయ్యగారూ. తలుపు ఇంకా వేసెయ్యలేదు చిన్న మావయ్యగారు."

పెద్దమేస్త్రి చూపుడువేలు చొక్కాకి తుడుచుకున్నారు. ఏళ్ళ తరబడి మసి అంటిన వేలు, తుడిస్తే పోయేది కాదు. నొక్కారు.

పాళ్ళు తెరుచుకున్నాయి. కోడలు చదవబోయి నోరు మూసుకుంది, పరాయి మనిషి ఉందని. ఆయనే పెదాలు కదుపుతూ చదువుకున్నారు. బంకమట్టి అంతే. తడి గోనెపట్టా అంతే. మూడో దినుసు, ఎవరికీ తెలియని ఆ మూడో దినుసు, అక్కడ పట్టపగల్లా రాసి ఉంది. తారీఖు చూస్తే తమ్ముడు కూటమిలో చేరిన మొదటి రోజుది, అంటే ఎవరి లెక్కా అతని కంటపడక ముందుది.

"నాన్న వాడికీ చెప్పాడు," అన్నారు. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"చెప్పక? వాడు మాత్రం కొడుకు కాదా?" అంది అత్తగారు. "ఇన్నేళ్ళూ మీరొక్కరే దాచుకున్నారనుకున్నారా?"

"మరి ఇన్నేళ్ళూ వాడి పోత గరుకుగా ఎందుకుంది? ఇప్పుడే ఎందుకు నున్నబడింది?"

"తేమ మావయ్యగారూ," అంది కోడలు. "మధ్యాహ్నం పూట ఇసుక తడి ఆరిపోతోందని ఎవరికి వాళ్ళకి తెలియలేదు. పన్నెండు ఫౌండ్రీల లెక్కలు పక్కపక్కన పెడితే తెలిసింది. మనం కూడా అప్పుడే కదా నీళ్ళు చల్లే వేళ మార్చాం. మన రిజెక్టులు వందకి పధ్నాలుగు ఉండేవి, ఇప్పుడు ఆరు. ఆ ఎనిమిదింటినీ మళ్ళీ కరిగించే పని తప్పింది, ఆ కరెంటూ తప్పింది. చిన్న మావయ్యగారికి తేమ లెక్క చెప్పినవాళ్ళలో మనమూ ఉన్నాం. అది దొంగతనమైతే మనమూ పదకొండు మంది దగ్గర చేశాం."

ఆయన కళ్ళు మళ్ళీ పాళ్ళ మీదకి వెళ్ళాయి. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి.

"వెధవ. బొగ్గుపొడి సగానికి సగం ఎక్కువేస్తున్నాడు. ఆ పొగంతా వాడి పనివాళ్ళే పీలుస్తారు. ఎన్నిసార్లు చెప్పినా వినడు."

"ఎన్నిసార్లు చెప్పారేమిటి, తొమ్మిదేళ్ళుగా?" అంది అత్తగారు.

కూటమి ఆవిడ గొంతు సవరించుకుని కాగితం ముందుకి జరిపింది. "మరి సంతకం?"

"ఏం సంతకం? ఎవరెక్కడికి వెళ్తున్నారని?" అన్నారు పెద్దమేస్త్రి, ఆవిడే ఏదో పొరపాటు పడినట్టు. "పెట్టె ఇవాళే గోడకి ఎక్కిస్తాం. టీ తాగి వెళ్ళండి."

అత్తగారు ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళింది. కొడుకు పెట్టె మీంచి తీసిన తువ్వాలు మడత పెట్టి, దానితోనే చెమట తుడుచుకున్నాడు. ఇల్లు ఇల్లులా అయింది. గిన్నెల చప్పుడు కూడా వేరేగా వినబడుతోంది.

పెద్దమేస్త్రి లేచి కోడలి ఎదురుగా నిలబడ్డారు. ఏం చెయ్యాలో తెలియక చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"తప్పు నాది. నాలుగు రోజులు నీకు అన్నం సహించకుండా చేశాను. మనసులో పెట్టుకోకమ్మా."

ఇంకోసారైతే ఆ మాట చాలేది. చాలదని ఆమెకి తోచింది. చెప్పడానికి భయం వేసినా చెప్పేసింది.

"మనసులో పెట్టుకోను మావయ్యగారూ. కానీ ఆ మాట మీరు ఇంట్లో అనలేదు. కొలిమి ముందు, అందరిలో అన్నారు. ఇది కూడా అక్కడే అనండి."

వంటింట్లో గరిట ఆగింది. భర్త తువ్వాలు వెనక ముఖం దాచుకున్నాడు. ఆ ఇంట్లో పెద్దమేస్త్రికి షరతు పెట్టిన మనిషి ఇంతవరకూ లేరు.

ఆయన దవడ ఒకసారి బిగుసుకుంది. తర్వాత వదులైంది. "టీ వేళకి అందరూ బయటే ఉంటారు. పద," అని చెప్పులు వేసుకున్నారు.

సందు పొడవునా ఎప్పుడూ ఆయన వేగంగా నడుస్తారు, కానీ ఇవాళ ఆమెతో సమానంగా నడిచారు. ఆమెకి ఒళ్ళు దూదిలా తేలిపోతోంది. రాత్రి నిద్ర పడుతుందని అనుకుంది, అంత చిన్న విషయానికే సంతోషం వేసింది.

ఫౌండ్రీ ముందు పనివాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరూ ఒకవైపే చూస్తున్నారు. గేటు పక్కన, లోపలికి రాకుండా, బయటికి పోకుండా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు, చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది. చిన్నమేస్త్రి. అన్న సరే అని నొక్కిన సంగతి అందగానే ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చినట్టున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు.

పెద్దమేస్త్రి కళ్ళు తడయ్యాయి. తమ్ముడి వైపు రెండడుగులు వేసి, మధ్యలో ఆగి, చెయ్యెత్తారు.

"ఆగరా. నీకు చెప్పాల్సింది చాలా ఉంది. ముందు వీళ్ళకి ఒకటి చెప్పాలి."

పనివాళ్ళ వైపు తిరిగారు. పద్ధెనిమిది మందీ గ్లాసులు దించారు.

"మంగళవారం ఇక్కడ నిలబడి మా కోడల్ని ఒక మాట అన్నాను. మీరంతా విన్నారు. అది అబద్ధం. తప్పు నాది. ఈ అమ్మాయి చేతిలో మా ఇసుక ఎంత భద్రంగా ఉందో, నా చేతిలో కూడా అంత భద్రంగా లేదు."

ఆమె తల దించుకోలేదు. దించుకోవలసిన అవసరం లేదని నాలుగు రోజులుగా తనకి తాను చెప్పుకున్నదే ఇప్పుడు అందరికీ తెలిసింది. పనివాళ్ళలో పెద్దవాడు ఆమెని చూసి తలూపాడు.

చిన్నమేస్త్రి అన్న ముఖంలోకీ, ఆమె ముఖంలోకీ మార్చి మార్చి చూశాడు. అతనికేమీ తెలియదు. అన్న సరే అన్నాడన్న సంతోషంలో నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమన్నావన్నయ్యా?" అని అడిగాడు.

పనివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పుచ్చుకున్నవాడూ దొంగే అన్న మాట వాళ్ళందరికీ గుర్తుంది. పెద్దమేస్త్రి తమ్ముడి వైపు తిరిగి నోరు తెరిచారు.